ఉద్దానం తోటబస: ప్రకటనలో లేని వేసవి

సూరత్ నుంచి సొంత కారులో నాలుగు రోజులు ప్రయాణించి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో సోంపేట, కవిటి మండలాలు కలిసే చోట ఓ రైతు కుటుంబం నడుపుతున్న తోటబసలో ఏప్రిల్ 21 నుంచి జూన్ 1 వరకు, అంటే 42 రోజులు, నేనూ నా భార్యా ఇద్దరు పిల్లలూ ఉండి వచ్చాము. గది, ఉదయం ఫలహారం, రెండు పూటల భోజనం కలిపి రోజుకు 1,400 రూపాయలన్నది వాళ్ళు చెప్పిన ధర. నెల దాటి ఉంటున్నాము కనుక మొత్తం 52,000 రూపాయలకు ఒప్పుకున్నారు. ఆ డబ్బుకు తగిన బస దొరికిందా అని అడిగితే దొరికిందనే చెబుతాను. కాని వాళ్ళు ఇస్తామన్నవాటిలో సగం అక్కడ లేవు. అక్కడ నిజంగా ఉన్నవాటి గురించి వాళ్ళ ప్రకటనలో ఒక్క ముక్కా లేదు. ఇది మోసమని నేను అనుకోను. తమ దగ్గర ఏముందో తమకే తెలియని అమాయకత్వం అది. ఈ మాటలన్నీ బయలుదేరే ముందు రోజు రాత్రి వాకిట్లో కూర్చుని యజమానికి నేరుగా చెప్పేశాను కనుక ఆయన పేరూ ఊరి పేరూ ఇక్కడ రాయడం లేదు.

ముందు దారి సంగతి. సూరత్ పక్కనున్న హజీరాలో మొదలై ఒడిశాలోని పారాదీప్ దాకా దేశాన్ని అడ్డంగా కోస్తూ పోయే 53వ జాతీయ రహదారిని పట్టుకుంటే, ధూలే, జల్‌గావ్, అకోలా, అమరావతి, నాగ్‌పూర్‌ల మీదుగా రాయపూర్ వరకు ఇంకో దారి వెతుక్కోవలసిన పని ఉండదు. మొదటి రాత్రి అకోలాలో, రెండో రాత్రి రాయపూర్‌లో ఆగాము. ఏప్రిల్‌లో విదర్భ మీదుగా పగటిపూట కారు నడపడం తెలివైన పని కాదని మొదటి రోజు మధ్యాహ్నమే తెలిసివచ్చింది. దున్ని వదిలేసిన నల్లరేగడి చేల మీద నుంచి వచ్చే వేడికి కారు ఏసీ చేతులెత్తేసింది. రెండో రోజు నుంచి తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరి, పదకొండుకల్లా ఏదో ఒక చెట్టు నీడకు చేరి, మళ్ళీ నాలుగు దాటాకే కదలడం అలవాటు చేసుకున్నాము.

రాయపూర్ నుంచి 30వ రహదారి మీద ధమ్‌తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి జగదల్‌పూర్ చేరేసరికి ఎండ తీరు మారింది. అక్కడి నుంచి బొరిగుమ్మ, జయపురం మీదుగా కోరాపుట్ చేరి మూడో రాత్రి గడిపాము. నాలుగో రోజు పొద్దున పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగుతుంటే, వెనక సీట్లో నిద్రపోతున్న మా ఐదేళ్ళ పాపకు తప్ప అందరికీ చెవులు మూసుకుపోయాయి. ఘాట్ దిగగానే వచ్చేది సాలూరు. 2022 వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన ఆ ఊరి హోటల్లో, నాలుగు రోజుల తరవాత తెలుగులో అడిగి తెలుగులో తిట్టించుకుని తిన్న ఇడ్లీ రుచిని నేను ఏ సమీక్షలోనూ కొలవలేను. విజయనగరం దాటి నాతవలస దగ్గర 16వ రహదారి ఎక్కితే, ఆపైన శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా తిన్నగా పోవడమే. కారు లెక్కలో మొత్తం 1,800 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా తేలింది.

బస మీద నా మొదటి ఫిర్యాదు ఆ ప్రయాణపు చివరి రెండు కిలోమీటర్ల గురించే. వాళ్ళు ఫోనుకు పంపిన మ్యాపు గుర్తును నమ్మి వెళితే, కారు కొబ్బరితోటల మధ్య ఇసుక బాటలో చక్రాలు సగం దాకా దిగబడి ఆగిపోయింది. ఉద్దానం నేల చాలాచోట్ల ఇసుక నేల. అది జీడిమామిడికి ఎంత మంచిదో కారుకు అంత చెడ్డది. ట్రాక్టరు తెచ్చి లాగిన కుర్రవాడు, ఆ నెలలో అలా లాగిన బళ్ళలో మాది మూడోదని నవ్వుతూ చెప్పాడు. మూడు బళ్ళు దిగబడిన తరవాతైనా ఆ గుర్తు మార్చి, బళ్ళు పంచాయతీ రోడ్డు మీదే నిలపాలని ఒక్క వాక్యం రాసి ఉండవలసింది.

ఇక ప్రకటన సంగతి. అందులో నాలుగు ఆకర్షణలు బొమ్మలతో సహా ఉన్నాయి: పచ్చని వరిచేలు, రోజూ తాజా సముద్రపు చేప, తేలినీలాపురం పక్షులు, ఇంటి ముందు చెరువులో ఈత. మేము వెళ్ళిన నాటికి వరిచేలలో మిగిలినవి మోళ్ళు. అక్కడ నాట్లు పడేది వానలు వచ్చాక; ఆ బొమ్మ ఏ అక్టోబరులోనో తీసినది. చేపల విషయం ఇంకా సులభంగా తెలియవలసినది. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. మేము ఉన్న 42 రోజులూ సరిగ్గా ఆ నిషేధం లోపలే పడ్డాయి. బారువ తీరంలో తెప్పల వాళ్ళు తెచ్చే కొద్దిపాటి చేప దొరికిన రోజున దొరికినట్టు. మిగతా రోజుల్లో ఎండుచేపే. తేలినీలాపురంలో గూడు కట్టే పెలికాన్లు, రంగు కొంగలు శీతకాలం అంతా ఉండి, ఎండలు ముదిరేసరికి పిల్లలతో సహా వెళ్ళిపోతాయి. మేము టెక్కలి దాకా బండి వేసుకుని వెళ్ళి చూసినవి ఖాళీ చెట్లు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగల కోసమైతే మేము మరీ తొందరపడ్డాము. అవి తొలకరితో గాని రావు. చెరువులో మోకాలి లోతు నీళ్ళూ, వాటిలో నాలుగు గేదెలూ ఉన్నాయి. గేదెలు చాలా సుఖంగా ఉన్నట్టు కనిపించాయి.

ఇవన్నీ అబద్ధాలు కావు. ఏడాదిలో ఏదో ఒక నెలకు అన్నీ నిజాలే. వేసవిలో పిల్లల సెలవులకు మనుషులు వస్తారని తెలిసి బస తెరిచిన వాళ్ళు, వేసవిలో తమ తోట ఎలా ఉంటుందో బొమ్మ తీయించుకోకపోవడమే నాకు అర్థం కాలేదు. ఆ మాటే అడిగితే యజమాని, "ఎండలో పిక్కలు ఏరుకోడం చూడ్డానికి ఎవలొస్తారు బాబూ!" అన్నారు. ఎవరూ చూడరని ఆయన అనుకున్న ఆ పిక్కల, అంటే జీడిగింజల, కోసమే నేను మళ్ళీ వెళ్తాను.

ఉద్దానంలో ఏప్రిల్, మే నెలలు జీడిపిక్కల కాలం. ఇతర ప్రాంతాల పల్లెల్లో వేసవి అంటే చేలకు సెలవు. ఇక్కడ అదే పంట. తెల్లవారకముందే, చీకటి ఇంకా కాళ్ళ దగ్గర ఉండగానే, గంపలు తీసుకుని తోటలోకి పోవాలి. చెట్టున ఉన్న పండును కోయరు. పూర్తిగా పండి తనంతట తాను రాలినదాన్నే ఏరతారు. పచ్చిగా కోస్తే లోపలి పప్పు నిండదు. పండును ఎడమచేత పట్టుకుని, కింద వేలాడుతున్న పిక్కను కుడిచేత మెలిపెట్టి తీసి గంపలో వేసుకోవాలి. ఇది వినడానికి తేలిక. ఏరడానికి దిగిన మొదటి రోజు గంటసేపటికే మా నడుములు పట్టేశాయి, మా పాప మాత్రం నడుము వంచవలసిన అవసరమే లేని ఎత్తు కనుక అందరికంటే ఎక్కువ ఏరింది. పండు రసం బట్టకు తగిలితే మరక పోదు. పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన మా బాబు తెల్ల టీషర్టు ఒకటి ఆ తోటకే అంకితమైపోయింది. పండ్లను చాలామటుకు చెట్ల కిందనే వదిలేస్తారు, పశువులు తింటాయి. పిల్లలు ముక్కలు కోసి ఉప్పు అద్దుకుని తింటే గొంతు కాస్త గరగరలాడుతుంది గాని, ఆ వాసన తోటనంతా పట్టుకుని ఉంటుంది.

ఏరిన పిక్కలను రెండు మూడు రోజులు ఎండబెట్టి, చేత ఆడిస్తే గలగలమన్నాక బస్తాలకు ఎత్తుతారు. ఇక్కడ బేరమంతా 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. మే రెండో వారంలో ఓ సాయంత్రం ఈదురుగాలితో మబ్బు కమ్ముకొస్తే, వాకిట్లో పరచిన పిక్కలను టార్పాలిన్ల కిందికి చేర్చడానికి ఇంటివాళ్ళతోపాటు మేమూ పరుగులు తీశాము. తడిస్తే పిక్క నల్లబడుతుంది, ధర పడిపోతుంది. వాన వచ్చిందా అంటే, పది చినుకులు పడి పోయింది. అప్పటి వరకు మమ్మల్ని "సారూ, మేడమ్" అంటున్న యజమాని తల్లిగారు ఆ సాయంత్రం నుంచి నా భార్యను "పిల్లా" అని పిలవడం మొదలుపెట్టారు. అప్పటికి మూడు వారాలు గడిచాయి. అంతవరకు మేము చీపురు ముట్టుకున్నా చేతిలోంచి లాక్కునేవారు. చుట్టాల మర్యాద ఎక్కువై, డబ్బిచ్చి తోటకు వచ్చి వరండాలో కుర్చీలకు అతుక్కుని కూర్చోవలసివచ్చిన ఆ మొదటి వారాలను నేను నష్టం కిందే రాసుకుంటున్నాను. వెళ్ళేవాళ్ళు మొదటి రోజే, పనిలోకి పిలవండి అని గట్టిగా అడగడం మంచిది.

పిక్క పప్పు కావడం చూడాలంటే పలాస, కాశీబుగ్గ వెళ్ళాలి. యజమాని తనకు తెలిసిన చిన్న కార్ఖానాకు మమ్మల్ని తీసుకువెళ్ళారు. దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు, ప్రకటనలో దీని ఊసూ లేదు. ఆవిరికి ఉడికించిన పిక్కను ఒక్కొక్కటిగా కోతమిషన్ మీద పెట్టి పెంకు చీల్చి పప్పు బయటికి తీసే ఆడవాళ్ళ వేళ్ళు నల్లగా మచ్చలు పడి ఉన్నాయి. పెంకులోని జీడి, అంటే జిగట నూనె, చర్మాన్ని కాలుస్తుంది. నూనె రాసుకునో, బూడిద అద్దుకునో పని చేస్తారు. పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, నిండుపప్పు, బద్ద, ముక్క అని వేరుచేసి, నిండుపప్పును మళ్ళీ సైజుల వారీగా విడదీస్తారు. 240 రకం అంటే ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, దాదాపు అన్ని గింజలు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. బస్తా పిక్కల్లో పప్పు అయ్యేది నాలుగో వంతుకు అటూ ఇటూ మాత్రమే. సూరత్‌లో పావుకిలో పొట్లం కొనేటప్పుడు ధర చూసి మొహం చిట్లించే నా భార్య, ఆ కార్ఖానా నుంచి బయటికి వచ్చాక ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

గది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెంకుటింటి పక్కన కట్టిన రెండు గదులు, శుభ్రంగా ఉన్నాయి, దోమతెరలు ఇచ్చారు, స్నానాలగది విడిగా ఉంది. ఏసీ ఒక గదిలోనే. మధ్యాహ్నం కరెంటు పోయిన రోజుల్లో అదీ లేదు. అయితే సముద్రం దగ్గర కనుక నాలుగు దాటాక గాలి తిరుగుతుంది, కొబ్బరిచెట్ల కింద నులకమంచం వేసుకుంటే గది అవసరమే రాదు. నేను మిల్లులకు లెక్కలు రాసే పని ల్యాప్‌టాప్ మీద చేసుకుంటాను. వై-ఫై ఉందన్నారు గాని, పని సాగింది ఫోను సిగ్నల్ మీద, అదీ మేడమెట్ల మీద కూర్చుంటేనే.

నీటి గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే ఉద్దానం అనగానే మా బంధువులందరూ మొదట అడిగింది అదే. ఈ ప్రాంతంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు, నీటి మీద అనుమానం జనంలో బలంగా ఉంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. పలాసలో కిడ్నీ వ్యాధుల ఆసుపత్రి తెరిచిందీ అప్పుడే. బసలో తాగడానికీ వంటకీ ఆ కుళాయి నీళ్ళే వాడుతున్నారు, బోరు నీళ్ళు స్నానానికీ తోటకీ. ఈ సంగతి మేము అడిగితేనే చెప్పారు. ప్రకటనలో ఎందుకు రాయలేదంటే, "ఆ మాటెత్తితే ఎవలూ రారు బాబూ" అన్నారు. ఆ భయం నాకు అర్థమైంది. అయినా వచ్చేవాడు ఎలాగూ విని ఉంటాడు. తాగే నీళ్ళు ఎక్కడివో ముందే రాసిపెడితే నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు. యజమాని మేనమామ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళి వచ్చేవారు. వెళ్ళని రోజుల్లో వాకిట్లో కూర్చుని మా బాబుకు కొబ్బరాకుతో బూరలు చేయడం నేర్పేవారు.

క్షమించలేనిది ఒక్కటే ఉంది, అది ఎలుగుబంటి విషయం. పనసపండ్లూ జీడిమామిడిపండ్లూ పండే కాలంలో ఎలుగుబంట్లు ఈ తోటల్లోకి దిగుతాయని, 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ప్రాణనష్టం జరిగి, పలువురు గాయపడ్డారని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. మాకు ఎవరూ చెప్పలేదు. ఐదో రోజు పొద్దున, మా పాప ఒక్కతే చెట్ల కిందికి వెళుతుంటే పనిమనిషి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుపోయి, "ఓలమ్మా, గుంటని అలగొగ్గీసినారేటి!" అని, అంటే పిల్లను అలా వదిలేశారేమిటని, మమ్మల్ని కేకలేస్తేనే తెలిసింది. ఆమె చూపించిన చోట, చీల్చి సగం తిన్న పనసపండు ఉంది. ఆ తరవాత నియమాలు మేమే అడిగి తెలుసుకున్నాము: తెల్లవారుజామున గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్ళాలి, చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి పోకూడదు, మాగిన పనసను ఇంటి దగ్గర ఉంచకూడదు. ఈ మూడు ముక్కలూ కాగితం మీద రాసి గది తలుపు లోపల అంటించడానికి పది రూపాయలు కూడా కావు. నేను బయలుదేరే ముందు స్వయంగా రాసి అంటించి వచ్చాను. ఇప్పటికీ ఉందో లేదో వెళ్ళేవాళ్ళు చూడాలి.

భోజనానికి మాత్రం మార్కులు తగ్గించడానికి నాకు మనసు ఒప్పదు. ఉదయం చోడి (రాగి) అంబలి, అందులోకి పచ్చి ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర. రాత్రి చారు, ఎండు నెత్తళ్ళ వేపుడు. పనస ఉద్దానంలో కూరగాయ, పండు, పిక్క అని మూడు రూపాల్లో కంచంలోకి వస్తుంది. మే చివరికి మా బాబు పనస పేరు చెబితే పారిపోయేవాడు. పచ్చి జీడిపప్పుతో వండిన కూర వారానికి ఒకసారి పెట్టారు. ఎండని పిక్కను చీల్చి తీసిన ఆ మెత్తని పప్పు పట్నంలో ఎంత డబ్బిచ్చినా దొరకదు. తాటిముంజలు కావలసినన్ని. ఒక లోపం: నూనె ఎక్కువ, అడిగినా తగ్గలేదు.

ఆ పెంకుటింటి వెనక కొబ్బరితోట పల్చగా, అక్కడక్కడ పళ్ళూడిన నోరులా ఉంటుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో తమ చెట్లలో సగానికి పైగా కూల్చిందని, మళ్ళీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయని, ఆ మధ్య కాలంలో ఇల్లు గడవడానికే ఈ రెండు గదులు కట్టామని యజమాని చెప్పారు. పడమటి వైపు మబ్బు లేని సాయంత్రాల్లో మహేంద్రగిరి కనిపిస్తుంది. ఇవేవీ ప్రకటనలో లేవని మళ్ళీ చెప్పనక్కరలేదు.

లెక్క తేల్చేటప్పుడు చిన్న పేచీ వచ్చింది. ఏసీ కరెంటుకు 3,200 రూపాయలు విడిగా అడిగారు, ఒప్పందంలో ఆ మాట లేదు. నేను చూపిస్తే ఆయన కాసేపు తల గోక్కుని సగం తీసుకున్నారు. వెళ్ళేవాళ్ళు ఇది ముందే రాయించుకోవాలి. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు, ఎండ పడనివాళ్ళు మే నెల మానుకుని డిసెంబరులో వెళితే కొంగలూ చేపలూ ఉంటాయి, అయితే పిక్కలుండవు. మాలాగా నెల రోజులు ఉండగలిగి, తెల్లవారుజామున లేవడానికి బద్ధకించనివాళ్ళు ఏప్రిల్ మొదటి వారానికే చేరుకోవాలి. మేము రెండు వారాలు ఆలస్యంగా వెళ్ళాము, కాపు అప్పటికే సగం ఏరేశారు.

జూన్ 2 తెల్లవారుజామున కారు పంచాయతీ రోడ్డు మీద పెట్టి సామాను తలమీద మోసుకుని వెళుతుంటే, యజమాని తల్లిగారు రెండు కిలోల పప్పు మూట నా భార్య చేతిలో పెట్టి, డబ్బు ఇవ్వబోతే కసిరారు. ఆ పప్పులో మూడొంతులు బద్దలే. నిండుపప్పు అమ్మకానికి పోతుంది. ఇంట్లో వాళ్ళు తినేది బద్దలే.